నది మోగితే నీరున్నట్టే: స్పానిష్ సామెతలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో స్పెయిన్ దేశపు సామెతలు కొన్నింటిని తెలుగు తాత్పర్యంతో పరిచయం చేశాం. వాటిని చదివి గోదావరి జిల్లాల నుంచి పలువురు ఉత్తరాలు రాశారు. అందరికీ పనికివస్తాయనిపించిన వాటిని ఎంచుకుని, కొంత కుదించి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: "పెందలాడే లేచినవాడికి దేవుడు తోడు" అని ఒక స్పానిష్ సామెత ఇచ్చారు. దాని పక్కనే "ఎంత పెందలాడే లేచినా పొద్దు ముందుగా పొడవదు" అని మరొకటి ఇచ్చారు. మనమూ "ఆలస్యం అమృతం విషం" అంటాం, మళ్ళీ "నిదానమే ప్రధానం" అంటాం. రెండూ నిజమే అయితే సామెత వల్ల ప్రయోజనం ఏమిటి?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: సామెతను శాస్త్ర సూత్రంగా తీసుకుంటే మీ అభ్యంతరానికి జవాబు లేదు. అయితే ఇంట్లో గానీ పొలంలో గానీ సామెతను ఎవరూ అలా వాడరు. పరీక్షలు ముంచుకొస్తున్నా దుప్పటి ముసుగు తీయని మనవడితో మొదటి మాట అంటారు. నారు పోసిన మర్నాటి నుంచే గట్టు మీద నిలబడి మొలక రాలేదని బెంగపడే కొత్త రైతుతో రెండో మాట అంటారు. ఆ రెండు మాటలనూ తారుమారు చేసి చెబితే ఇద్దరికీ కీడే జరుగుతుంది. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారన్నది తెలియకపోతే సామెతకు సగం అర్థమే మిగులుతుందని నా నమ్మకం.

ఈ సంగతిని స్పెయిన్‌లో అందరికన్నా బాగా చూపించినవాడు సెర్వాంటెస్. 1605లో మొదటి భాగం, 1615లో రెండో భాగం వెలువడిన ఆయన 'డాన్ కిహోటే' నవలలో యజమాని డాన్ కిహోటే పుస్తకాలు చదివి చెడినవాడు, సేవకుడు సాంచో పాంజా చదువు రానివాడు. సాంచో నోరు తెరిస్తే సామెత, మూస్తే సామెత. మొదటి భాగం 21వ అధ్యాయంలో డాన్ కిహోటే, అనుభవం నుంచి పుట్టినది కాబట్టి నిజం కాని సామెత అంటూ లేదని మెచ్చుకుంటాడు. రెండో భాగం 43వ అధ్యాయానికి వచ్చేసరికి, ఒక ఊరికి పాలకుడిగా వెళ్ళబోతున్న అదే సాంచోను, సందర్భం ఉన్నా లేకపోయినా సామెతలను జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తున్నావని మందలిస్తాడు. పైకి ఒకదానికొకటి పొసగనట్టు కనిపించినా ఈ రెండు మాటలూ నిజమే. అనుభవంలోంచి వచ్చింది కాబట్టి సామెత నిజం. అది పుట్టిన అనుభవానికి దూరంగా తీసుకెళ్ళి వాడితే ఒట్టి చప్పుడు.

ప్రశ్న: మా నాన్నగారు కార్తెలు చూసి నారు పోసేవారు. ఇప్పుడు మా అబ్బాయి ఫోనులో వాతావరణం చూసి పోస్తున్నాడు. స్పెయిన్ రైతులకూ ఇలాంటి వాన సామెతలు ఉన్నాయా? ఉంటే అవి ఇంకా పనిచేస్తున్నాయా?
– వరి రైతు, ముమ్మిడివరం మండలం

జవాబు: లెక్కలేనన్ని ఉన్నాయండి. "ఏప్రిల్‌లో వేయి వానలు" అన్నది అక్కడి పిల్లలకు కూడా వచ్చు. నడి స్పెయిన్‌లో గోధుమ ఎదుగుదలకు ఏప్రిల్ తడి ప్రాణం కనుక ఆ సామెతలో సంతోషం ఉంది. అదే మాట మన డెల్టాలో అంటే దాళ్వా (రెండో పంట) కోతల మీద, కళ్ళాల్లో ఆరబోసిన ధాన్యం మీద వాన పడ్డట్టు వినిపిస్తుంది. స్పెయిన్‌లోనే ఆగ్నేయ మూలన ఎండిపోయి ఉండే అల్మెరియా రైతుకు ఆ వేయి వానల్లో పది కూడా దక్కవు. వాన సామెతకు ఊరు పేరు చెప్పకపోయినా ఊరు ఉంటుంది.

మీకు బాగా నచ్చుతుందనుకునే సామెత ఇంకొకటి ఉంది: "ఆస్తా ఎల్ క్వారెంతా దె మాయో, నో తే కీతెస్ ఎల్ సాయో." మే నెల నలభయ్యో తేదీ దాకా పైచొక్కా విడవవద్దని అర్థం. మే నెలకు నలభయ్యో తేదీ ఉండదు కాబట్టి వేళ్ళు మడిచి లెక్క పెట్టాలి. లెక్కిస్తే జూన్ 9 వస్తుంది. ఎండలు వచ్చేశాయని తొందరపడకు, ఆ తేదీ దాకా చలి మళ్ళీ తిరిగి రావచ్చునని హెచ్చరిక. మనకు రోళ్ళు పగిలే రోహిణి కార్తె ముగిసి, ముంగిళ్ళు చల్లబడే మృగశిర ప్రవేశించేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే, జూన్ 8 ప్రాంతంలో. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్ళు వదిలే నెల అదే. అక్కడ చలికి చివరి గడువు, ఇక్కడ ఎండకు చివరి గడువు. వేల మైళ్ళ దూరాన ఉన్న రైతులు ఆకాశాన్ని ఒకే శ్రద్ధతో చూశారనడానికి నాకు ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇక పనిచేస్తున్నాయా అన్న ప్రశ్న. స్పెయిన్‌లో డిసెంబరు 13 సాంతా లూసియా పండుగ. ఆ రోజు నుంచి రాత్రి తరుగుతుంది, పగలు పెరుగుతుంది అని సామెత. ఇవాళ్టి పంచాంగంతో చూస్తే ఇది తప్పు. ఏడాదిలో అతి పొడవైన రాత్రి డిసెంబరు 21, 22 తేదీల్లో వస్తుంది. కానీ సామెత పుట్టినప్పుడు తప్పు కాదు. పాత జూలియన్ క్యాలెండరు ప్రకారం 14వ శతాబ్దంలో ఆ దీర్ఘరాత్రి డిసెంబరు 13 ప్రాంతంలోనే పడేది. 1582లో పోపు గ్రెగరీ క్యాలెండరును సరిచేసినప్పుడు స్పెయిన్‌లో అక్టోబరు 4 తర్వాతి రోజును అక్టోబరు 15గా లెక్కించారు. ఆవిలా నగరానికి చెందిన సన్యాసిని తెరెసా సరిగ్గా ఆ రాత్రే కన్నుమూయడం వల్ల, ఆమె మరణానికీ మర్నాటి ఖననానికీ మధ్య కాగితం మీద పది రోజులు మాయమయ్యాయి. పండుగ తేదీ డిసెంబరు 13గానే నిలిచింది, సూర్యుడి లెక్క మాత్రం సరైన చోటికి జరిగింది. సామెతను మాత్రం ఎవరూ సరిదిద్దలేదు, నేటికీ అంటున్నారు.

దీన్ని విని మనం నవ్వడానికి లేదు. ఏటా భోగి మంటల మర్నాడు, జనవరి 14న గానీ 15న గానీ, ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానాలు చేస్తాం. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల నుంచే. మన సౌరమానం నక్షత్రాలను ఆధారం చేసుకుంది కాబట్టి, సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఋతువుల నుంచి జరుగుతూ వచ్చింది. దాదాపు 1,700 ఏళ్ళ కిందట సంక్రాంతీ సూర్యుడి మలుపూ ఒకే రోజున పడేవి. కార్తెలదీ అదే లెక్క. అందువల్ల మీ నాన్నగారి కార్తెల జ్ఞానాన్ని పారేయమని నేను అనను, ఫోనును పక్కన పెట్టమనీ అనను. రేపు వాన పడుతుందా అన్నది ఫోను చెబుతుంది; మీ మడిలో ఏ వారం నారు పోస్తే కోత సమయానికి తుపానుల కాలం దాటుతుందో మీ నాన్నగారి అనుభవం చెబుతుంది. మీ అబ్బాయికి రెండూ కావాలి.

ప్రశ్న: "నిద్రపోయిన రొయ్యను ప్రవాహం కొట్టుకుపోతుంది" అని రాశారు. మేం రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళం. మాకు తెలిసి రొయ్య కన్నా నిద్రపోయిన రైతే కొట్టుకుపోతాడు. ఈ సామెత నిజంగా స్పెయిన్‌దేనా?
– ఆక్వా రైతు, భీమవరం దగ్గర

జవాబు: భాష స్పానిష్, కానీ దీన్ని ఎక్కువగా వాడేది మెక్సికో మొదలైన లాటిన్ అమెరికా దేశాల్లో. అక్కడ దీని ఉద్దేశం, ఏమరుపాటుగా ఉన్నవాడికి అవకాశం చేజారిపోతుందని. మీరు సరిదిద్దిన రూపం మన ప్రాంతానికి మరింత అతుకుతుంది. పగలంతా నీటిలోని పచ్చదనం ఇచ్చిన ఆక్సిజన్ రాత్రి తరిగిపోతూ తెల్లవారుజామున అతి తక్కువ స్థాయికి పడిపోతుంది. కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిన సమయంలో కాపలా మనిషి కునుకు తీస్తే, వెలుగు వచ్చేసరికి రొయ్యలు తేలి గట్టు వారకు చేరి ఉంటాయి. జనరేటరులో డీజిలు ఉందో లేదో పడుకోబోయే ముందు చూసుకునే రైతుకు ఈ సామెత చెప్పాల్సిన పని లేదు. స్పెయిన్‌లోనే "యజమాని కన్ను గుర్రాన్ని బలపరుస్తుంది" అనే మాట ఉంది. మీ వృత్తికి రొయ్య సామెత కంటే ఈ గుర్రం సామెతే దగ్గర. ఎంత మంచి మేత వేయించినా, మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే పైకి తీసి స్వయంగా చూసే కన్నుకు సాటి రాదు.

ప్రశ్న: "నది మోగుతోందంటే నీరున్నట్టే" అన్న సామెత మన "నిప్పు లేనిదే పొగ రాదు" లాంటిదే కదా. మా లంకలో ఒక కుటుంబం మీద పుకారు లేస్తే పెద్దలు ఈ మాటే అని నమ్మేస్తున్నారు. అలాగే "నది కలకబారితే జాలరులకు లాభం" అన్నదాన్ని చెడ్డ మాటగా ఎందుకు రాశారు?
– గృహిణి, కోనసీమ లంక గ్రామం

జవాబు: మొదటి సామెత నీరుందని మాత్రమే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. మీ లంకలో వరద చప్పుడు వినగానే ఊరు ఖాళీ చేయరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరిందా, 13.75 దాటిందా, 17.75కు పోయి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారా అని కనుక్కుంటారు. 1986 ఆగస్టు వరదను చూసిన పెద్దలకు కొలతకూ చప్పుడుకూ ఉన్న తేడా వేరే చెప్పనక్కరలేదు. నది విషయంలో చూపే ఆ జాగ్రత్తను సాటి మనిషి పరువు విషయంలోనూ చూపమని మీ పెద్దలను అడగండి.

రెండో సామెత అల్లర్లలో, తగవుల్లో తన పబ్బం గడుపుకునేవాళ్ళను ఎత్తిపొడవడానికి పుట్టింది. మన దగ్గర ఎర్రనీరు దిగిన రోజుల్లో పులస వలలో పడితే జాలరికి నిజంగానే పండుగ, పుస్తెలమ్మైనా పులస తినాలనేవాళ్ళున్న సీమ ఇది. అందువల్ల మీకు అది మంచి మాటలా వినిపించి ఉంటుంది.

ప్రశ్న: డిగ్రీ పూర్తయింది. విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. మా మామ్మ మాత్రం "తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు" అంటూ వద్దంటోంది. స్పానిష్ సామెతల్లోనైనా ఆడవాళ్ళకు ఇంతకన్నా మంచి మాట ఉందా?
– యువతి, నరసాపురం

జవాబు: అమ్మా, ఉన్నదున్నట్టు చెబుతాను. అక్కడిది ఇంకా కటువుగా ఉంటుంది: "పరువు గల ఆడది కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో ఉంటుంది." దానికి తోడు, ఆడదీ కోడిపెట్టా తిరిగితే త్వరగా తప్పిపోతాయనే మాట కూడా ఉంది. మీ మామ్మగారి సామెతకు దాదాపు కవల అది. సామెతలన్నీ వివేకమేనని నేను నమ్మను. కొన్నింట్లో ఆయా కాలాల భయం, పెత్తనం గడ్డకట్టి ఉంటాయి. ఈ రెండూ అలాంటివే, ఇవి వాడుకలోంచి పోవలసినవే.

అయితే సెర్వాంటెస్ ఈ సామెతను ఎలా వాడాడో మీకు చెప్పాలనిపిస్తోంది. నవల రెండో భాగం 49వ అధ్యాయంలో, పాలకుడైన సాంచో రాత్రి గస్తీ తిరుగుతుంటే మగవేషంలో ఉన్న ఒక ఆడపిల్ల పట్టుబడుతుంది. తల్లి పోయిన నాటి నుంచి పదేళ్ళుగా తండ్రి ఆమెను గడప దాటనివ్వలేదు. ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని తమ్ముడి బట్టలు తొడుక్కుని బయటికి వచ్చింది. వీధులు చూడాలన్న కోరిక తప్ప మరే తప్పూ లేని ఆ పిల్ల ఏడుస్తూ తన కథంతా చెబుతుంది. ఆమెను భద్రంగా ఇంటికి చేర్చడానికి బయల్దేరుతూ సాంచో చివరన పై రెండు సామెతలూ అంటాడు. అంతసేపు ఆ పిల్ల గొంతు విన్న పాఠకుడికి ఆ సామెతలు ఎంత చిన్నవిగా, ఎంత అన్యాయంగా వినిపిస్తాయో చదివితే గానీ తెలియదు. రచయిత వాటిని ఖండిస్తూ ఒక్క వాక్యం కూడా రాయలేదు.

కాలు విరగ్గొట్టుకునే ఆ సామెతనే అదే రెండో భాగం 5వ అధ్యాయంలో సాంచో భార్య తెరెసా కూడా అంటుంది. భర్త గొప్పలకు పోయి కూతుర్ని పెద్దింటికి ఇస్తానంటే, నేనూ నా కూతురూ మా ఊరి నుంచి అడుగు కదలం అని తెగేసి చెప్పడానికి ఆమె ఆ మాట వాడుతుంది. సాంచో నోట అది కట్టడి, తెరెసా నోట అది మొగుడి మాట కాదనే ధైర్యం.

కాబట్టి మీ మామ్మగారితో సామెతకు సామెత వేసి గెలవాలని చూడకండి. ఆ మాట ఆవిడకు ఎవరు ఎప్పుడు చెప్పారో, అప్పుడు ఆవిడ ఎక్కడికి వెళ్ళాలనుకున్నారో అడిగి ఓపికగా వినండి. ఆవిడ భయం దేని గురించో తెలిశాక హాస్టలు ఎక్కడుందో, తోడు ఎవరున్నారో, నెలకు ఎన్నిసార్లు రాగలరో చెప్పండి. వీలైతే ఒకసారి వెంటబెట్టుకుని వెళ్ళి ఆ గది చూపించండి. ఇంట్లో కూర్చున్న నరసాపురం ఆడవాళ్ళ చేతి లేసు అల్లికలు సముద్రాలు దాటి వెళ్ళాయి. అల్లిన చేతులు కూడా గడప దాటవచ్చునని ఆవిడ ఒప్పుకునే రోజు వస్తుందనే నా ఆశ. ఒప్పుకోవడం ఆలస్యమైనా, ఉద్యోగం మాత్రం వదులుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక పొలం పంచుకున్నాం. పదేళ్ళు దాటింది. చేలకు నీరు పారే బోదె నా వాటాలోకి వచ్చిందని తమ్ముడు ఇప్పటికీ తగువు పడుతున్నాడు. "పోయిన నీరు తిరగలి తిప్పదు" అన్న స్పానిష్ సామెతను చదివి అతనికి వాట్సాప్‌లో పంపాను. మాట్లాడడం కూడా మానేశాడు. తప్పేమిటి?
– రైతు, రామచంద్రపురం

జవాబు: "అగువా పసాదా నో మువేవే మొలీనో" అనే ఆ సామెత ఏటి నీటితో పిండిమరలు తిప్పిన పల్లెల్లో పుట్టింది. మరను దాటిపోయిన నీటితో పిండి పట్టలేం కాబట్టి గతాన్ని వదిలెయ్యమని ఓదార్పు. మన "గతజల సేతుబంధనం" కూడా పోయిన నీటి గురించే గానీ, అందులో ఓదార్పు లేదు, సకాలంలో గట్టు వేయనివాడి మీద నింద ఉంది.

ఓదార్పు మాటను అనే హక్కు నష్టపోయినవాడికి ఉంటుంది, లాభపడినవాడికి ఉండదు. మీ తమ్ముడే "పోనీలే అన్నయ్యా, పోయిన నీరు" అని ఉంటే అది పెద్దమనసు. బోదె దక్కిన మీరు అంటే నోరు మూసుకోమన్నట్టు వినిపించింది. పైగా ఇది పోయిన నీరు కాదు. సార్వాకు (తొలి పంటకు) కాలువ వదిలినప్పుడల్లా అతని చేను మీ చేను తడిసేదాకా ఎదురు చూస్తోంది. ముందు ఇంటికి వెళ్ళి పలకరించండి. తర్వాత ఊరి పెద్దల సమక్షంలో వంతులు రాసుకోండి, ఏ రోజు ఎవరి చేనుకు నీరో, బోదె పూడిక తీత ఖర్చు ఎవరిదెంతో.

ప్రశ్న: మా కళాశాలలో ప్రాజెక్టుగా కోనసీమ సామెతలు సేకరిస్తున్నాం. స్పెయిన్‌లో ఎలా సేకరించారు? మేం ఎలా రాసుకోవాలి?
– డిగ్రీ విద్యార్థులు, అమలాపురం

జవాబు: చాలా సంతోషం. స్పెయిన్‌లో ఈ పని చాలా పాతది. సాంతిల్యానా మార్క్విస్ బిరుదు గల కవి ఇనీగో లోపెస్ దె మెందోసా (1398–1458) పేరుతో వచ్చిన సంకలనం 1508లో సెవిల్యాలో అచ్చయింది. పొయ్యి దగ్గర కూర్చుని ముసలమ్మలు చెప్పే సామెతలు అన్నది దాని పేరు. సామెత ఎవరి సొత్తో ఆ పేరులోనే ఒప్పుకున్నందుకు ఆయనంటే నాకు గౌరవం. 1555లో సలమాంకా ఆచార్యుడు ఎర్నాన్ నూన్యెస్ సేకరణ, ఆయన మరణానంతరం, వెలువడింది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన గొన్సాలో కొర్రెయాస్ 1627 నాటికి తన బృహత్ సంకలనాన్ని సిద్ధం చేశాడు, అది అచ్చు మొహం చూసింది మాత్రం 1906లో. సంత రోజుల్లో ఆయన తోర్మెస్ నది వంతెన మీద కూర్చుని, తాను వినని సామెత చెప్పిన ప్రతి పల్లెటూరి మనిషికీ ఒక నాణెం ఇచ్చేవాడని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. తెలుగులో కెప్టెన్ కార్ ప్రచురించిన సామెతల సంకలనం 1868 నాటిది.

సాంతిల్యానా సంకలనంలో సామెతలు అక్షరక్రమంలో ఉన్నాయి, వివరణలు లేవు. ఆ ముసలమ్మలు వాటిని కోపంతో అన్నారో, ముద్దుగా అన్నారో, కోడలితో అన్నారో, పాలేరుతో అన్నారో తెలుసుకునే దారి ఇప్పుడు మూసుకుపోయింది. కొర్రెయాస్ చాలా సామెతలకు ఎప్పుడు అంటారో రాసిపెట్టాడు కాబట్టి ఆయన పుస్తకం నేటికీ మాట్లాడుతుంది. మీరు ఆయన దారిలో వెళ్ళండి.

ఒక్కో సామెతకు ఒక్కో కాగితం పెట్టండి. సామెతను చెప్పినవారి ఉచ్చారణలోనే రాయండి, దిద్దకండి. చెప్పినవారి వయసు, వృత్తి, ఊరు రాయండి. పేరు రాయాలంటే వారి అనుమతి తీసుకోండి. చివరిసారి ఆ మాట ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో అడిగి, వారి మాటల్లోనే ఆ నాలుగు వాక్యాలూ రాసుకోండి. వ్యవసాయం మాట అయితే ఏ కార్తెదో, మెరక పొలానిదో పల్లపు పొలానిదో అడగండి. కులాన్నో ఆడవాళ్ళనో కించపరిచే సామెత ఎదురైతే దాచకండి, అలాగే రాసి, ఎవరు ఎవరిని ఆ మాట అనేవారో తప్పకుండా చేర్చండి. కొబ్బరి తోటల్లో దింపు పని చేసేవాళ్ళనూ, రేవుల్లో పడవ నడిపినవాళ్ళనూ ముందుగా కలవండి, ఇళ్ళల్లోని పెద్దవాళ్ళ దగ్గరికి ఆ తర్వాతయినా వెళ్ళవచ్చు. మొదటి యాభై కాగితాలు సిద్ధమయ్యాక ప్రతులు మాకు పంపితే, వాటిలో కొన్నింటిని ఈ శీర్షికలోనే ప్రచురిస్తాం.